బంగారు పరీక్ష బావి

సిద్దిపేట నుంచి కొండపాక పోయే దారిలో ఉండేది మా వాడ. అక్కడి మంచినీళ్ళ బావికి సర్కారు కాగితాల్లో "బంగారు పరీక్ష బావి" అని పేరు. అందులో బంగారాన్ని ఎవరూ చూడలేదు. అయినా ఆ బావి తవ్వించినవాళ్ళను తలచుకోకుండా నేను ఇప్పటికీ చెంబు ఎత్తను. నిజాం కాలం చివరి ఏళ్ళ సంగతి ఇది. నేను ఆ వాడకు కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్ళు.

మా అత్తమ్మ పని అవుసలి దుమ్ము కడగడం. సిద్దిపేటలో నగలు చేసే అవుసలివాళ్ళు కొట్లు ఊడ్చిన చెత్తను బుట్టకెత్తి ఆమెకు ఇచ్చేవారు. దాన్ని ఆమె లోతులేని చెక్క మరిగెలో పోసి, నీళ్ళతో అటూ ఇటూ ఆడించి, మన్నంతా పోయాక అడుగున మిగిలిన బంగారు రజను తీసేది. సగం వాళ్ళది, సగం మాది. ఎంత వచ్చిందని ఎవరూ వచ్చి చూసింది లేదు, ఆమె చెప్పిందే మాట. అంత నమ్మకం ఆమె చేతిమీద. నా చేతిమీద మాత్రం ఆమెకు రవ్వంత కూడా ఉండేది కాదు. నేను మరిగె పట్టుకుంటే చాలు, "కడుగుతున్నవా, ఉయ్యాల ఊపుతున్నవా?" అని దెప్పేది. నాకు ఒళ్ళు మండేది కానీ, ఆమె అన్నదాంట్లో నిజం లేకపోలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో హైదరాబాదు నుంచి ఒక సర్కారు అధికారి వచ్చి ఎండిపోయిన మా వాగు పక్కన డేరా వేశాడు. పొద్దంతా రాళ్ళు పగలగొట్టి సంచుల్లో నింపుకునేవాడు. అందుకని మేము ఆయనకు రాళ్ళసాబు అని పేరు పెట్టుకున్నాం. వాగు ఇసుకలో బంగారం ఉందేమో చూడమని సర్కారు ఆయనకు ఇమ్దాద్, అంటే సాయం, మంజూరు చేసింది. ఇసుక కడగడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలని ఆయన అడిగితే, అవుసలివాళ్ళు మా అత్తమ్మను చూపించారు. ఇసుక బుట్టలు మోసే కూలి నాకు దొరికింది.

మొదటిరోజే రాళ్ళసాబు అందరినీ కూర్చోబెట్టి సంగతంతా చెప్పాడు. ముందు నాలుగు గుంటలు తవ్వాలి. వాటికి కావలసిన నీళ్ళు బండిమీద పీపాల్లో వస్తాయి. నాలుగింటిలో ఎక్కడైనా బంగారం ఆనవాలు కనబడితే, పెద్ద ఎత్తున కడగడానికి నీళ్ళు కావాలి కనుక బావికి రెండో మంజూరు అడుగుతాడు. పని ముగిశాక ఆ బావి వాడకే వదిలేస్తారు. ఏమీ కనబడకపోతే డేరా ఎత్తేస్తారు.

ఆ మాట వాడంతా విన్నది కానీ, నేను విన్నట్టు ఎవరూ వినలేదు. మాకు బావి లేదు. గట్టు అవతల పటేలు మోట కొడుతున్నంతసేపే కాలువలో నీళ్ళు ముంచుకోవాలి. మోట ఆగితే మా నీళ్ళూ ఆగేవి. కిందటి ఎండాకాలం రెండు కుండలతో ఆ గట్టు దిగుతూ జారిపడ్డాను. అప్పుడు నాకు ఐదో నెల. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల పడింది. మళ్ళీ ఆ గట్టు దిగాలంటేనే భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు. నీళ్ళకు పోనంటే నడిచే ఇల్లు కాదు మాది.

ఒకటో గుంట ఉత్తదే. రెండోదీ అంతే. మూడోది కూడా ఉత్తదే అని తేలిన మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నేను ముక్కుపుల్ల తీశాను. అవుసలి దుమ్ములో కొట్టుకొచ్చిన విరిగిన ఆకురాయి ముక్క ఒకటి మా గూట్లో ఉండేది. దానితో ముక్కుపుల్లను అరగదీసి, రాలిన పొడిని కొంగున ముడివేసుకున్నాను. ముక్కు కుట్టు పూడిపోతుందని వేపపుల్ల గుచ్చుకున్నాను. దొంగతనం చేస్తున్నానని అనిపించలేదు. నా బంగారం నేను వేస్తున్నాను, అందులో తప్పేమిటనుకున్నాను. అంత తెలివి నాది!

మరునాడు నాలుగో గుంట ఇసుకను మరిగెలో పోస్తూ కొంగు ముడి విప్పి విదిలించాను.

అత్తమ్మ చాలాసేపు ఆడించింది. ఇసుక పోయి, నల్లటి మట్టి పోయి, అడుగున సన్నగా మెరిసింది. చుట్టూ ఉన్న కూలివాళ్ళు ఒక్కసారిగా కేకలు పెట్టారు. రాళ్ళసాబు ముఖం చూడాలి, చిన్నపిల్లవాడి ముఖమే. భూతద్దం సంగతి కూడా మరచిపోయి కాగితం మోకాలిమీద పెట్టుకుని కలం మూత తీశాడు.

అత్తమ్మ మాత్రం ఆ రజను బొటనవేలితో అద్ది ఎండకు పెట్టి చూసింది.

"జర ఆగుండ్రి సాబూ, రాయకుండ్రి. గిది వాగుది కాదు" అన్నది.

"బంగారం కాదా అమ్మా?"

"బంగారమే. కాకపోతే నీళ్ళల్ల దొర్లిన బంగారం నున్నగ ఉంటది, అంచులుండయి. నా చిన్నప్పుడు మా అవ్వతోని గోదారి ఇసుక కడిగిన, నాకెర్కే. గిది ఊకపొట్టు లెక్క వంకర్లు తిరిగున్నది. ఆకురాయి పట్టిన బంగారం గిది."

రెండేళ్ళుగా నేను చూసిందంతా ఆకురాయి బంగారమే. బంగారంలో ఇంకో రకం ఉంటుందని నాకు తెలిస్తే కదా!

"మరి ఇందులోకి ఎట్లా వచ్చింది?" అని అడిగాడు ఆయన.

అత్తమ్మ తల ఎత్తింది. నా ముక్కుకేసి ఒక్కసారి చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది.

"నా తప్పే సాబూ. నిన్న గిదే మరిగెల అవుసలి దుమ్ము కడిగిన. మంచిగ తోమలె. చెక్క సందుల చిక్కుకున్నదేమో, ఇయ్యాల ఎల్లింది."

అది అబద్ధం. తోమని మరిగెను ఆమె ఏనాడూ చేత పట్టలేదు. రాళ్ళసాబు ఆమెను చూశాడు, తర్వాత నన్ను కూడా చూశాడు. ఆయనకు ఎంత అర్థమయిందో ఈనాటికీ నాకు తెలియదు. కలం మూత తిప్పుతూ చిన్నగా నవ్వాడు.

"మరిగె తప్పు వచ్చిందంటే నాలుగు గుంటల పరీక్షా చెల్లదు. అన్నీ మళ్ళీ శుభ్రంగా కడగాలె. బంగారం ఉన్నదని చెప్పాలన్నా, లేదని చెప్పాలన్నా నీళ్ళు కావాలె గదా? పీపాల నీళ్ళు చాలవు. బావి కావాలెనని రాస్తున్న" అన్నాడు.

అట్లాగే రాశాడు. రాసి ఊరుకోలేదు, తానే తహసీలు కచేరికి నాలుగుసార్లు తిరిగి మంజూరు తెచ్చాడు. మొరం తవ్వి, రాయి పగలగొట్టి, ఎండలు ముదిరేలోపు నీళ్ళు చూపించాడు. గుంటలన్నీ మళ్ళీ కడిగించి, ఇక్కడ బంగారం లేదని నిజమే రాసుకుని వెళ్ళిపోయాడు. ఆయనకు మేము చల్ల తప్ప ఇంకేమీ ఇవ్వలేకపోయాం. ఆ ఎండాకాలం నేను గట్టు ఎక్కలేదు. వానలు తగ్గుముఖం పట్టాక నాకు కూతురు పుట్టింది.

కూతురికి మూడో నెల వచ్చాక, ఎన్నో రోజుల తర్వాత అత్తమ్మతో కలిసి సిద్దిపేట పోయాను. పాత కొట్టే, పాత అవుసలే. దుమ్ముబుట్ట ముందుకు తోస్తూ ఆయన, "ముందుగాల మరిగె కడుగు, నేను సూడాలె" అన్నాడు. అత్తమ్మ మరిగె ముందు పెట్టుకుని కూర్చుంది. అవుసలి బంగారం ఆమె మరిగె సందుల్లో మిగిలిపోయిందని, రాళ్ళసాబు డేరాలో పనిచేసిన సర్కారు జవాన్లు ఊరంతా చెప్పారట. ఆనాటి నుంచి ప్రతి కొట్టు ముందూ ఇదే తంతు నడుస్తోందట. ఇంటికి వచ్చి నాతో ఒక్కనాడూ అనలేదు.

నాకు దుఃఖం ఆగలేదు. "అత్తమ్మా, నేనే ఏసినని ఇప్పుడే చెప్తా" అన్నాను ఆమె చెవిలో.

"ఎర్కే. ముక్కుల వేపపుల్ల సూసిన్నాడే ఎర్కే. నోరు మూస్కో. నువ్వు చెప్తే నిన్ను దొంగంటరు. నన్నైతే సోమరంటరు, అంతేగద. పిల్ల ఏడుస్తుంది సూడు."

పిల్ల ఏడవడం లేదు. నేనే ఏడుస్తున్నాను. అత్తమ్మ మరిగె బోర్లించి తోముతుంటే, కూతుర్ని చంకన వేసుకుని, వంగి ఆమె చేతులమీద నీళ్ళు పోశాను.