దిష్టిబొమ్మ తొడుక్కున్న చొక్కా

మా పత్తిచేను సినిమాలో పడుతుందంటే ఊరంతా సంబరపడింది. నేనూ పడ్డాను, దాచుకోవడమెందుకు. పత్తి తీయడం అయిపోయి చేలో ఎండుకట్టె మాత్రం మిగిలిన మాఘమాసంలో, అద్దంకి దారిలోని మా పొలానికి సినిమావాళ్ళు వచ్చారు. కథేమిటని అడిగితే దర్శకుడు, "ఒకతనికి తన ఇంటివాళ్ళంతా దిష్టిబొమ్మల్లా కనపడుతుంటారండీ. అది నిజమో, అతని బుర్రలోనే ఉందో చివరిదాకా తెలీదు" అన్నాడు. మనలో మాట, నాకు చివరికి కూడా తెలియలేదు.

ఆ దర్శకుడికి ఎండ గిట్టదు. మా వైపు ఎండ తప్ప ఇంకేముంటుంది? పొద్దున్నే మంచు పట్టినప్పుడో, సాయంత్రం నీడలు పోయాకో మాత్రమే తీసేవాడు. పక్క కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద నీళ్ళు చల్లితే రక్తంలా మెరుస్తాయన్నాడు. తడిసిన కాయ తెల్లబడి తాలుకింద, సగం ధరకి పోతుందని తెలియని మనిషి. మా బాబాయి కర్ర పుచ్చుకుని లేచేసరికి ఆ ఆలోచన మానుకున్నాడు.

చేలో ఇరవై దిష్టిబొమ్మలు నిలబెట్టాలట. "పాత బట్టలుంటే ఇప్పించండి సార్. మనుషులు తొడిగినవైతేనే కెమెరాకి బాగుంటాయి" అని బొమ్మలు కట్టే ఆయన అడిగాడు. మా ఇంట్లో వడ్లబస్తాల వెనక పాతగుడ్డల గోతం ఒకటుంటే, మూతి విప్పి చూడకుండానే తెచ్చి ఇచ్చేశాను. వదిన అప్పుడు ఇంట్లో లేదు, మార్టూరులో పుట్టింటికి వెళ్ళింది.

మా అన్నయ్య అంతకుముందు వానాకాలంలో ఆ చేలోనే, మోటారు స్టార్టరు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదని పెద్దకర్మ నాటికి అన్నీ ఇచ్చేశాం. అన్నీ ఇచ్చేశామనే అనుకున్నాం.

షూటింగు రోజు ఊరివాళ్ళంతా సెల్‌ఫోన్లు పైకెత్తి గట్టు మీద నిలబడ్డారు. వాళ్ళ మధ్య నేను. ముందు వరసలో మూడో బొమ్మకి నీలం గళ్ళ చొక్కా ఉంది. జేబు దగ్గర తెల్లదారంతో కుట్టు. ఇంట్లో నీలం దారం లేక వదిన తెల్లదానితో కుట్టేస్తే, "ఇది కుట్టా, వాకిట్లో ముగ్గా?" అని అన్నయ్య నెల్లాళ్ళు ఆమెను ఏడిపించాడు. ఆ ఒక్క చొక్కా మా అమ్మ కంటపడకుండా వదిన ఆ గోతంలో దాచుకుందన్నమాట.

"ఆగండి, ఆ చొక్కా మాది" అంటే సరిపోయేది. అంతమంది జనం, ఆ లైట్లు, మైకులో ఆ కేకలు. పోయినవాడి చొక్కా కోసం సినిమా ఆపించాడని నవ్వుతారేమోనని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. అరగంటలో బొమ్మలన్నిటికీ నిప్పు పెట్టేశారు.

వదిన తిరిగొచ్చాక రెండు రోజులు ఇల్లంతా వెతికింది. "ఈడ గోతం ఉండాలే?" అంది చివరికి.

"ఎలకలు కొట్టేస్తే పారేశానొదినా."

"పోన్లే" అంది. ఆ పూట అన్నం తినలేదు. దొంగకు తేలు కుట్టినట్టు, ఇద్దరం మళ్ళీ ఆ మాటెత్తలేదు.

సినిమా విడుదలయ్యాక, మన చేను చూద్దామని ఆడవాళ్ళంతా ఆటోల్లో బయల్దేరారు. "అదేదో అర్థంకాని సినిమా అంటొదినా, తలనొప్పి" అని అడ్డుపడ్డాను. "మన చేను నాకు అర్థం కాకపోవటమేందయ్యా" అని ఎక్కేసింది. అద్దంకిలో మ్యాట్నీకి ఆమె పక్క సీట్లోనే కూర్చున్నాను.

తెర మీద అది మా చేనులా లేదు. ఆకాశం పాచినీళ్ళ రంగులో ఉంది. మిరపకల్లం నల్లగా, ఒక్క మూల మాత్రం ఎర్రగా ఉంది. పాట లేదు, సంగీతం లేదు, గాలి చప్పుడే. కథానాయకుడు పేరు పెట్టి పిలిచినకొద్దీ బొమ్మలు ఒక్కొక్కటే తల తిప్పుతున్నాయి. వెనక ఎవడో ఈలేశాడు. మూడో బొమ్మ తిరిగింది. గాలికి చొక్కా నిండుగా ఉబ్బి, లోపల మనిషున్నట్టే ఉంది. తెర నిండా జేబు, దాని పక్కన తెల్లకుట్టు.

వదిన నా మణికట్టు పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె రెప్ప వెయ్యకుండా చూస్తోంది. మంట అంటుకుంది. కాలరు, భుజాలు, జేబు. దర్శకుడు ఏ తొందరా లేకుండా చివరి పేలిక రాలిందాకా చూపించాడు.

విశ్రాంతికి లైట్లు వేశారు. "నేనే ఇచ్చానొదినా. చూసి కూడా ఆపలేదు" అన్నాను.

ఆమె ఆ మాట పట్టించుకోలేదు. "ఆడోళ్ళు కాటికి రాకూడదని నన్ను వీధి మలుపు కాడే ఆపేశారు గదా ఆరోజు" అంది, ఖాళీ తెర వైపే చూస్తూ. "కొరివి పెట్టింది నువ్వేగా. ఇట్టాగే కాలిందా?"

పిల్లల్లేని అన్నయ్యకు తలకొరివి పెట్టింది నేనే. పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదంటారు. నిప్పంటించగానే పెద్దవాళ్ళు నా భుజాలు పట్టి ఊరివైపు తిప్పేశారు.

"నేనూ చూళ్ళేదొదినా" అన్నాను. "ఇప్పుడే చూశాను."