బోకుల మిషను మూల్గిన పొద్దు

సరిగ్గా కూచ్చో ఈడ. ఆ ఫోను పక్కన పెట్టి, నేను చెప్పేది చెప్పినట్ల రాయి. నీ సొంత మాటలు కలపొద్దు, నీ అలవాటు నాకు తెల్సు. దెబ్బలు, నెత్తర అని రాయనీకి చెయ్యి రాకపోతే ఇప్పుడే చెప్పు, మీ అక్కను పిలుచుకుంటా.

గిన్నెలూ బోకులూ కడిగే మిషను మనింటికి కొత్తది రాలేదు. కడపలో ఒక లాడ్జి మూసేస్తాంటే మీ జేజినాయన ఆటోలో ఏసుకోని కమలాపురం తెచ్చినాడు. ఎప్పటిదో ముసిలి మిషను. తలుపు కిందికి తెరుచుకునేది, ముందర తిప్పే గుబ్బ ఒకటి. నా మణికట్లు నొప్పులని తెచ్చినాడులే నా మొగుడు, అది కూడా రాయి. మంచి ఉంటే మంచని చెప్పల్ల.

మన బోరునీళ్లు తెల్సు కదా, చెంబులో పోసి పెడితే తెల్లగ గార కడ్తాది. నెల తిరక్కముందే మిషను లోపల సున్నం కొట్టినట్లయ్యింది. దాంట్లో అడుగున ఒక బుడ్డి ఉంటాది. నీళ్లు ఎక్కేకొద్దీ అది పైకి లేసి నీళ్లను ఆపల్ల. గార పట్టి బుడ్డి లెయ్యలేదు, నీళ్లు ఆగలేదు. పక్క రూములోకి పారి, ఇత్తనానికి పెట్టుకున్న శెనక్కాయ మూటలు తడిసిపాయ. చేలో సుక్క లేక సస్తాంటే ఇంట్లో వరద. మీ జేజినాయన పార తెచ్చి మిషను తలుపు మింద రెండేట్లు ఏసినాడు. "ఇంగ దీంట్లో ఎవురు చెయ్యి పెట్టి చెడగొట్టినా ఆ చెయ్యి ఇరుస్తా" అనె. ఊరికే అనే మనిషి కాదు. చేను గట్టు కాడ ఒకని దవడ పగలగొట్టినాడు. సంగటి మెత్తగయిందని నా మింద గిన్నె ఇసిరితే ఈ కనుబొమ్మ చీలింది, సూడు.

మన బజారులో మోటార్లకు తీగ చుట్టే సాయిబు ఉండె. నన్ను అక్కా అనేవాడు. ఆయప్ప వచ్చి బుడ్డి ఊడబీకి, గార గీకి మళ్ల బిగిచ్చె. "నీళ్లు కాంచే ఈ కమ్మీ మునిగేంత నీళ్లుండల్ల అక్కా. తగ్గితే కమ్మీ కాలిపోతాది, ఎక్కువైతే మళ్ల మీ ఇల్లు చెరువే" అని చూపిచ్చి పాయ.

ఈడ నా తెలివి సూడు. రాగి చెంబుకు గార పడితే ఏం పూస్తాం? చింతపండే కదా. గుప్పెడు నానబెట్టి పిసికి, ఇంట్లో ఎవురూ లేనప్పుడు మిషను జల్లెడ తీసి అడుగున పోసి తిప్పినా. గార పాయ, లోపలంతా అద్దం మాదిరి మెరిసె. గింజలు తియ్యల్లనే బుద్ధి పుట్టలేదు నాకు.

మరుసటి పొద్దు గుబ్బ తిప్పితే మిషను గుయ్యిమని మూల్గుతాంది, తిరగదు. మీ జేజినాయన మళ్ల సాయిబును పిలిపిచ్చె. మా మరిది కూడా వచ్చి గడపలో నిలబడె.

"ఏమప్పా, మొన్న బాగజేస్తివి, ఇయ్యాల మూల్గుతాంది. ఏం జేసినావ్ దాన్ని?" అనె మీ జేజినాయన.

"మూల్గుతాంటే మంచిదే అన్నా. మోటారుకు కరెంటు అందుతాండాది. కాలిపోయింటే వాసన వచ్చు. తిరగనీకి ఏందో అడ్డం పడింది."

ప్లగ్గు పీకి, అడుగు నీళ్లు చెంబుతో తోడి, జల్లెడ తీసి లోపలికి చెయ్యి పెట్టినాడు. రెక్కల చక్రం కాడ శానాసేపు తడిమి చెయ్యి బయటికి తీసె. అరిచెయ్యి సూసుకున్నాడు. నా దిక్కు సూసినాడు. నా మొగం ఎట్లుండెనో ఏమో, గుప్పిలి మూసేసినాడు.

"అన్నా, వాని చేతిలో ఏందో ఉండాది. మోటారు సామాను ఎత్తుకుంటాండాడు" అనె మా మరిది.

"గుప్పిలి తెరువప్పా."

"ఏంలేదన్నా, చెత్త."

"చెత్తయితే సూపిచ్చనీకేం రోగం?"

"చెత్తను సూసేదేముందిలే. పనయిపాయ, ప్లగ్గు పెట్టి గుబ్బ తిప్పి సూడు."

మీ జేజినాయన సాయిబు చెంప మింద ఏసిన ఏటుకు ఆయప్ప తల పోయి మిషను తలుపుకు కొట్టుకొనె. పెదవి చీలి నెత్తర గడ్డం మిందికి కారె. నేను నోరు తెరవలేదు. రాయి, తెరవలేదనే రాయి. మా మరిది ఎనకనుంచి మెడ పట్టి నేలకు అదిమె. మీ జేజినాయన డొక్కలో తన్నె. ఆయప్ప మోకాళ్లు కడుపులోకి ముడుచుకోని పడుండాడు గానీ గుప్పిలి తెరవలేదు. మా మరిది వేళ్లు ఒక్కొక్కటే ఇప్పబోయి, చిటికెన వేలు ఎనక్కి ఇరిచె. ఆ సప్పుడు నాకు ఇనపడె. సన్న తీగ చుట్టే చెయ్యి అది. ఆ చెయ్యే ఆయప్ప ఇంటికి కూడు.

"రోకలి తే" అనె మీ జేజినాయన.

మరిది తెచ్చె. సాయిబు చెయ్యి గడప మింద పెట్టి మణికట్టును కాలితో తొక్కిపట్టె. మీ జేజినాయన చేతిలో రోకలి లేసింది.

అప్పుడు పోయి ఆ గుప్పిలి మింద నా చెయ్యి పెట్టినా. "దాంట్లో ఉండేవి చింతగింజలు. నేనే పోసినా. కొడితే నాది కొట్టు."

ఎత్తిన రోకలి ఆగలేదు. నా చేతి మండ ఇరిగింది. కింద ఆయప్ప గుప్పిలి తెరుచుకోని, నానిన గింజలు ఏడో ఎనిమిదో నేల మింద పడె. మీ జేజినాయన వాటిని సూసినాడు, నన్ను సూసినాడు, మళ్ల రోకలి ఎత్తినాడు. నేను ఇంగో చేత్తో ఇనప జల్లెడ ఎత్తి ఆయన నుదుటి మింద కొట్టినా. మొగుని మింద చెయ్యెత్తింది అదొక్కతూరే. కండ్లల్లోకి నెత్తర కారి గోడకానుకోని కూచ్చునె. మా మరిది రోకలి దాటుకోని గమ్మున బయటికి పాయ.

సాయిబు లేసి నెత్తర ఉమ్మినాడు. జల్లెడ ఇమ్మని సైగ జేసి, ఎడం చేత్తో బిగిచ్చి, ప్లగ్గు పెట్టి గుబ్బ తిప్పె. మిషను తిరిగె. "ఈసారి చింతపండు పోస్తే వడగట్టి పొయ్యక్కా" అనె.

కడప ఆసుపత్రిలో ముగ్గురికీ కట్లు కట్టిరి. నా మండ అతుక్కునె. ఆయప్ప వేలు అతకలే, వంకరగా నిలబడిపాయ. ఇప్పుడు నాలుగు వేళ్లతోనే తీగ చుడతాడు. రెండు పొద్దుల పని నాలుగు పొద్దులు పడతాది. నేను ఆ పక్క పోయినప్పుడంతా ఆ అంగడి ముందర కూచ్చుంటా. "ఏంటికక్కా నా చెయ్యి దిక్కే సూస్తావు, కొత్త వేలు మొలుస్తాదనా" అంటాడు. నవ్వుతాడు గానీ నాకు నవ్వు రాదు. ఆయప్ప నా కోసం మూసిన గుప్పిలి అది. మొదటి ఏటుకే నేను నోరు తెరిచింటే ఆ వేలు ఈపొద్దు...

"అత్తా, సంగటి ఆరిపోతాంది. రాసింది సాలుగానీ, నా కొడుకును లేపుకోని రా."