అడుక్కున్న పొత్తిగుడ్డలు

గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాలువను దాటించే కట్టడం సాగుతున్న రోజులవి. మా ఊరి చివర ఇసుక మెరక మీద కూలీల తాటాకు పాకలు వెలిశాయి. వాళ్ళలో చాలామంది సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళు. ఉప్పునీళ్ళు ముంచిన చేలు వదిలేసి మట్టి మోయడానికి వచ్చారు. మాఘమాసం మొదట్లో మంత్రసాని మా పెరటి గుమ్మంలో కూర్చుని, పాకల్లో పుట్టిన పిల్లను గోనెపట్టాలో చుట్టారని చెప్పింది. ఇంకా నలుగురికి నెలలు నిండుతున్నాయట. చలి పోలేదు.

పొత్తిగుడ్డలు పోగుచేసే పని నా నెత్తిన పడింది. నేను దేనికీ లెక్క తప్పనివ్వనని ఊళ్ళో పేరు. ఆ పేరు వల్ల నాకు దక్కిందల్లా పనే. శుద్ధ పంచమి నాడు మొదలుపెట్టి పౌర్ణమి దాకా ఇల్లిల్లూ తిరిగాను. కొత్తబట్ట పసివాళ్ళకు గరుకు, పాత నూలు చీరలే కావాలి. తీరా చేతికి వచ్చినవాటిలో అంచు తప్ప మిగతాదంతా చిరుగులే. కుంకుడుకాయలతో ఉతికి, ఎండేసి, మూర కొలిచి చింపాను. ఒక్కొక్క మూటలో గుడ్డలతో పాటు ఆముదం, పసుపు, వస కొమ్ము, బాలింతకు మిరియాలు, బెల్లం. నడుము పడిపోయింది.

మడతలు పెడుతూ మా తోటికోడలు, "అక్కయ్యగారూ, మనం కన్నప్పుడు కూడా ఇంత కొలవలేదండీ," అని ఎగతాళి చేసింది.

నాలుగు మూటలు తేలిగ్గానే చేరాయి. ఐదోది చివరి పాకలో కడుపుతో ఉన్న పిల్లకు. ఆమెకు అంతకుముందు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. ఈ బిడ్డయినా దక్కాలని ఆ పాకంతా ఎదురుచూస్తోంది. పిల్ల అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి మూట చూసింది కాని చెయ్యి చాచలేదు.

"తమరు దయగల తల్లులండి. కానీ ఈ గుడ్డలు మాకొద్దండి."

"ఉతికినవేనే. ఏం లోపం?"

"లోపం కాదండి. పోయినోళ్ళిద్దరికీ మేం కొన్న గుడ్డే సుట్టేమండి. ఈసారి కొంగు పట్టి అడుక్కున్న పాతల్లోనే ఏసుకుంటానని మొక్కేనండి. అడుక్కున్న బిడ్డ మీద సావు కన్నెయ్యదండి."

"ఇవీ ఇల్లిల్లూ అడిగి తెచ్చినవే కదా!"

"అడిగింది తమరండి," అంది. "బిడ్డ మాదండి."

నాతో వచ్చిన తోటికోడలు నవ్వు ఆపుకుంటూ, "అయితే ఇప్పుడే వెళ్ళి అడుగు," అంది.

"అమ్మో, కడుపులో ఉండగా అడక్కూడదండి. పుట్టేకేనండి."

ఆముదం, బెల్లం మాత్రం తీసుకుంది. వాటికి మొక్కు లేదట.

నాకు ఒళ్ళు మండింది. పుట్టాక ఈమె ఊరంతా తిరిగి వచ్చేదాకా బిడ్డ గోనెలోనే ఉండాలన్నమాట. నాలుగు మాటలు అనబోయాను. లోపల తడికకు ఆనుకుని ఆ పిల్ల కూర్చుని ఉంది. పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని మా మాటలు వింటోంది. మూట చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాను.

మర్నాడు మూట విప్పి గుడ్డలన్నీ పాకలకు దగ్గరగా ఉన్న మా వీధిలో ఇంటికింత పంచాను, ముసలామె దూరం తిరగక్కర్లేకుండా. ఒకావిడ తన చీర ముక్కే తనకు తిరిగి వచ్చేసరికి మూతి ముడిచింది.

"మా చీర బాగాలేదాండీ?"

"బాగుంది. ఆమె వచ్చి అడుగుతుంది, అప్పుడివ్వండి."

"ఇచ్చింది తెచ్చిచ్చి మళ్ళీ ఇమ్మంటారేటండీ!"

ప్రతి గుమ్మంలోనూ ఇదే సంజాయిషీ చెప్పాను. సాయంత్రానికి గొంతు పోయింది.

బహుళ ఏకాదశి నాడు పొద్దున్నే ముసలామె వచ్చింది. కొంగు చాచి, వీధంతా వినబడేలా, "బిడ్డకి పాతగుడ్డ ధర్మం చెయ్యండమ్మా!" అని అరుస్తోంది. మా వంతు వచ్చింది. నేను కొలిచి చింపిన ముక్క తెచ్చి ఆమె కొంగులో వేశాను.

ఆమె దాన్ని విప్పి చూసింది. "ఇంకాస్త పెద్దది లేదేటండి?"

పక్కనే ఉన్న తోటికోడలు లోపలికి పరిగెత్తింది, నవ్వడానికి. నేను దండెం మీది నా చీర తెచ్చి ఇచ్చాను. ముసలామె దాన్నీ కొంగులో కుక్కుకుని పాకల వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

వైశాఖంలో పని అయిపోయి పాకలు పీకేశారు. కూలీలు మా వీధి మీదుగానే వెళ్ళారు. ఆ పిల్ల భుజాన బిడ్డ ఉన్నాడు, నా చీర ముక్కలోనే. అది మట్టి రంగుకు తిరిగిపోయింది. ఆమె మా గుమ్మం వైపు చూడలేదు. అడుక్కున్న ఇంటికేసి తిరిగి చూడకూడదని మంత్రసాని తరువాత చెప్పింది. బిడ్డకు మెడ నిలిచింది. తల్లి భుజం మీదుగా, కనబడినంత దూరం వాడు మా వైపే చూస్తూ వెళ్ళాడు.

నేను లోపలికి వెళ్ళి పడుకున్నాను. ఆ పూట వంట తోటికోడలే చేసింది.