అత్తయ్య వీలునామాలో నేను చేర్చిన అక్షరం

ఇల్లు కాపాడటానికి వెళ్ళి కొంప ముంచినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ నాలుగు ముక్కలూ చదవండి. ముంచడానికి నాకు వరదలూ తుఫానులూ అక్కర్లేకపోయాయి, ఒక్క అక్షరం సరిపోయింది.

మా మేనత్త కామేశ్వరమ్మ పామర్రులో ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైంది. పిల్లలు లేరు, మావయ్య పోయి చాలాకాలమైంది. ఇంటి వెనక రెండు గదుల్లో నూర్జహాన్ అనే ఆవిడ కుట్టుమిషను పెట్టుకుని ఉంటోంది. అద్దెకొచ్చిన మనిషి, ఇరవై ఏళ్ళలో అత్తయ్యకి సొంత చెల్లెలి కంటే ఎక్కువైంది. తన తర్వాత ఆ రెండు గదులూ నూర్జహాన్‌కే చెందాలని అత్తయ్య పట్టుదల. మావయ్య తరఫువాళ్ళు ఒప్పుకోరని ఆవిడకి తెలుసు. కాగితంలో చిన్న లొసుగు దొరికితే చాలు, నూర్జహాన్ మిషనుతో సహా రోడ్డు మీద ఉంటుంది.

ఆ ఏడాది అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ ఖాయమైంది. ఈలోపు మూడు కాగితాలు తయారవ్వాలంది. ఒకటి వీలునామా. రెండోది బ్యాంకు పనులు చూడటానికి నా పేర పవర్ ఆఫ్ అటార్నీ. మూడోది, తనకి స్పృహ లేకపోతే వైద్యం సంగతి ఎవరు మాట్లాడాలో చెప్పే కాగితం. అందులోనూ నా పేరే.

"పవర్ ఉంటుందిగా అత్తయ్యా, మళ్ళీ మూడోది దేనికి?" అన్నాను.

"నాకు తెలివి తప్పితే ఆ పవరు చెల్లదట్రా. అడిగి తెలుసుకున్నా. డాక్యుమెంట్ రైటర్ గారి దగ్గరికి వెళ్ళి రాయించుకొద్దాం పద."

"ఆయనెందుకు, నేను లేనూ? ఫోనుకి చెబితే అదే తెలుగులో టైపు చేసేస్తుంది."

"చదివి చూసుకుంటావుగా?"

"అత్తయ్యా! నేను నీ మేనల్లుణ్ణి."

"అందుకే అడుగుతున్నా."

అప్పట్లో నేను బెజవాడలో కంప్యూటర్లు అమ్మే షాపులో పనిచేసేవాణ్ణి. అమ్మేవాడికి వాటి గురించి అంతా తెలుసని లోకం అనుకునేది, లోకంతో పాటు నేనూ అనుకునేవాణ్ణి. పామర్రు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పాత వీలునామా నమూనా ఒకటి ఒళ్ళో పరుచుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "నా మరణానంతరం నా ఇల్లు..." అనగానే కండక్టర్ గారు టికెట్లు కొట్టడం ఆపేశారు.

"ఏం కష్టమొచ్చిందండీ?"

"కష్టమేం లేదండీ. ఇది మా అత్తయ్య కోసం."

"అత్తలతో గొడవలు ఎవరికి లేవండీ? దానికే ప్రాణాల మీదికి తెచ్చుకుంటారా?"

పక్కసీటాయన నా చేతిలో ఓ జామకాయ పెట్టాడు. ఉయ్యూరు దాటేసరికి బస్సు బస్సంతా నన్ను జాలిగా చూస్తోంది.

అసలు ప్రమాదం అది కాదు. అత్తయ్య తప్ప మా ఇంట్లో అందరమూ స్కూలుని ఇస్కూలనీ స్టేషన్‌ని ఇస్టేషననీ అంటాం. ముందు చిన్న సాయం లేకపోతే అలాంటి మాటలు మా నోట్లోంచి బయటికి రావు. నమూనాలో "పూర్తి ఆరోగ్యముతో, స్థిరచిత్తముతో" అని ఉంది. నేను హాయిగా "ఇస్థిరచిత్తముతో" అన్నాను. ఫోను ఏం విందో, ఏం రాసిందో చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ప్రింటు తీయించుకుని అత్తయ్యా, నూర్జహానూ, నేనూ రిజిస్ట్రాఫీసుకి చేరాం. హడావిడిలో అత్తయ్య కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయింది.

"ఓసారి చదివి వినిపించరా."

"టైమైపోతోంది అత్తయ్యా, బ్రహ్మాండంగా వచ్చింది" అన్నాను, ఒక్క వాక్యమైనా చూడకుండా.

రిజిస్ట్రార్ గారు నెమ్మదైన మనిషి. కాగితం చదువుతూ చదువుతూ ఆగారు.

"అమ్మా, ఇందులో ఉన్నదంతా నిజమేనా?"

"అక్షరం అక్షరం నిజమండీ."

"అయితే రిజిస్టర్ చెయ్యడం కుదరదండీ. 'పూర్తి ఆరోగ్యముతో, అస్థిరచిత్తముతో' అని ఉంది. మతి నిలకడగా లేదని మీరే చెబుతున్నారు."

"నా మతి బాగానే ఉందండీ!"

"బాగుందని రాసినవాళ్ళు ఆ మాటంటే నమ్మొచ్చండీ. బాగాలేదని రాసి బాగుందంటే ఎలా నమ్మమంటారు?"

నేను ముందుకి దూకాను. "సార్, అది ఫోను తప్పండీ! మా అత్తయ్య మనసు ఎప్పుడూ ఇస్థిరమేనండీ!"

"చూశారా, ఈయనా అదే అంటున్నారు."

మీరు నవ్వుతున్నారు, నాకు తెలుసు. ఆ గదిలోనూ ఒకరిద్దరు నవ్వారు. నూర్జహాన్ మాత్రం నవ్వలేదు. "టీచరమ్మా, వద్దులెండి. ఇంటికెళ్ళిపోదాం. నా కోసం మీరు ఈ మాటలు పడటం ఎందుకు?" అంది, అత్తయ్య చెయ్యి పట్టుకుని. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అత్తయ్య బల్ల పట్టుకుని లేచి నిలబడింది.

"ఒరేయ్, అస్థిరము. విగ్రహవాక్యం చెప్పు."

"స్థిరము... కానిది."

"సమాసం?"

నాకు గుర్తు రాలేదు. రిజిస్ట్రార్ గారే చిన్నగా, "నఞ్ తత్పురుషాండీ?" అన్నారు.

"కూర్చోండి, కరెక్టే" అంది అత్తయ్య. ఆయన అప్పటికే కూర్చుని ఉన్నారు. "మొదటి అక్షరం తీసేస్తే మిగిలేది నా చిత్తమండీ. నమ్మకం లేకపోతే హద్దులు చూసుకోండి, చెబుతాను."

ఇంటికి నాలుగు వైపులా ఎవరున్నారో, ఆ రెండు గదుల పొడవు వెడల్పులెంతో, ఎవరికి ఎందుకు ఇస్తోందో, కాగితం వైపు చూడకుండా ఒప్పజెప్పింది. రిజిస్ట్రార్ గారు వేలితో ఒక్కో వరసా సరిచూసుకున్నారు. ఎక్కడా తేడా రాలేదు.

"టీచర్ గారూ, ఈ ఆఫీసులో ఇంత నిలకడైన బుర్ర ఇంకొకటి లేదండీ. ఆ అక్షరం తీయించి పట్టుకు రండి, చేసేద్దాం" అన్నారు.

గంటలో సంతకాలూ, సాక్షులూ, వేలిముద్రలూ అన్నీ అయ్యాయి. నూర్జహాన్ ఏడ్చింది, తర్వాత కళ్ళు తుడుచుకుని అందరికీ టీలు చెప్పింది. ఇంటికొచ్చాక అత్తయ్య ఆ మూడో కాగితం తెమ్మంది.

"ఇందులో నీ పేరు కొట్టేసి నూర్జహాన్ పేరు పెట్టించు."

"అత్తయ్యా! నేను నీ సొంత మేనల్లుణ్ణి!"

"నా బుర్ర శుభ్రంగా పనిచేస్తుండగానే నాకు పిచ్చని రాసుకొచ్చావు. నాకు స్పృహ లేనప్పుడు డాక్టరుతో ఏం చెబుతావో ఎవరికి తెలుసురా!"

ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు అత్తయ్యా నూర్జహానూ కలిసి బజారుకి నడిచే వెళ్తున్నారు, నేనే వెనకపడుతున్నాను. నేను మాత్రం ఆ రోజే సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ పూనాను: శుభలేఖైనా సరే, పచారీ చీటీ అయినా సరే, మూడుసార్లు పైకి చదవకుండా ఒకరి చేతిలో పెట్టను. కావాలంటే రాసిస్తానని అత్తయ్యతో కూడా అన్నాను.

"వద్దురా నాయనా, నోటితో చెప్పు చాలు" అంది.