శనివారం అడిగితే ఒంటె వచ్చింది

రేపల్లెలో పుట్టినదాన్ని, నా క్యారేజీలో రొయ్యలు లేని వారం ఉండదు. తెనాలిలో మేం పనిచేసే ప్రైవేటు స్కూలు స్టాఫ్‌రూములో మధ్యాహ్నం పూట కూరగిన్నెలు ఒక చుట్టు తిరుగుతాయి. నా గోంగూర రొయ్యల గిన్నె ఒక్క మనిషి దగ్గర మాత్రం ఆగేది కాదు. ఆవిడ మా లెక్కల టీచరు.

"బాపట్ల పక్కన పుట్టి రొయ్య తినకపోవడం ఏంటమ్మా? సముద్రం వింటే ఏమనుకుంటుంది?" అని దెప్పేది హిందీ టీచరు.

"సముద్రానికి నేను సర్దిచెప్పుకుంటాలెండి," అనేది ఆవిడ.

అసలు సంగతి నాకొక్కదానికే చెప్పింది. వాళ్లు యూదులు. బాపట్ల దగ్గర పల్లెలో కొద్ది కుటుంబాలు, ఓ చిన్న ప్రార్థన ఇల్లు. నీళ్లలో పుట్టినవాటిలో పొలుసూ రెక్కా లేనిదేదీ తినరు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా పని ముట్టరు. అందుకే శుక్రవారం ఆఖరి బెల్లు మోగగానే కొంగు బిగించి స్టేషనుకు పరిగెత్తేది. శనివారాలు స్కూలు ఒంటిపూటే కాబట్టి సెలవు పెట్టుకుని నెట్టుకొచ్చేది.

ఈ ఏడు మా కరస్పాండెంటు గారు, అంటే స్కూలు యజమాని, పదో తరగతికి శనివారం లెక్కల పరీక్ష పెట్టారు. "శనివారం రాని లెక్కల టీచరు నాకెందుకండి?" అన్నారు. వాళ్లిల్లు నడిచేది ఆవిడ ఉద్యోగం మీదే.

"నేను మాట్లాడతాను," అన్నాను.

"మాట్లాడు గానీ అక్కా, శనివారం ఒక్కటే అడుగు. మా కథంతా చెప్పకు."

"నేనెప్పుడైనా ఎక్కువ మాట్లాడానా?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

ఆయన గదిలో బాగానే మొదలుపెట్టాను. "ఆదివారం స్టడీ అవరుకి హిందీ టీచరును రమ్మంటారా?"

"ఆవిడకి చర్చి ఉంటుంది కదండి."

"మరి ఈవిడకి శనివారం ఉంటే తప్పొచ్చిందా?"

అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. కానీ వాదనలో గెలిచాక ఆపడం నాకెవరూ నేర్పలేదు. వాళ్ల పండగలు, హీబ్రూ ప్రార్థనలు, శుక్రవారం దీపాలు, దేశదేశాల్లో వాళ్లు పడ్డ పాట్లు, తరిమివేతలు, ఊచకోతలు, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన కళ్లజోడు తీశారు.

"అంటే బైబిల్లో ఉన్నవాళ్లాండి? మన స్కూల్లోనా?"

శనివారం సెలవు అక్కడికక్కడే ఇచ్చేశారు. కేసు గెలిచిన ప్లీడరులా బయటికొచ్చాను.

సోమవారం స్కూలు గేటుకు ఫ్లెక్సీ వేలాడుతోంది. ఎడారి, ఒంటె, ఆరు మూలల నక్షత్రం, వీటన్నిటి మధ్య ఆధార్ కార్డు ఫోటోలా బిగుసుకుపోయి మా లెక్కల టీచరు. "పవిత్ర భూమి వంశీకులచే గణిత బోధన. అడ్మిషన్లు జరుగుచున్నవి." ఓ మూల చేతులు జోడించిన కరస్పాండెంటు గారు, ఒంటె కంటే పెద్దగా.

హిందీ టీచరు పరిగెత్తుకొచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది. "ముందే చెప్పొద్దా తల్లీ! మా వాడి పరీక్షలు దగ్గరపడ్డాయి, ఒక్కసారి వాడి తలమీద చెయ్యి పెట్టు."

ఆవిడ ఎలాగో చేతులు విడిపించుకుని నన్ను పక్కకు లాక్కెళ్లింది.

"నేనడిగింది శనివారం, అక్కా. నువ్వు ఒంటెను తోలుకొచ్చావు."

"గౌరవంగానే పెట్టారు కదే..."

"గౌరవమే. రేపు టీవీలో యుద్ధం చూసి, మీవాళ్లు అలా ఎందుకు చేశారని నన్నే నిలదీస్తారు. నేను విజయవాడ దాటి ఎరగను. మేమంటే పడనివాళ్లు కూడా ఆ గేటు ముందునుంచే పోతారు కదక్కా. అది ఉంటే నేనుండను."

 

మళ్లీ ఆయన గదికి వెళ్లాను. "శనివారం పరీక్షకు కాపలా నేనుంటాను. ఆదివారం స్టడీ అవరు ఆవిడ చూసుకుంటుంది, పేపర్లూ అప్పుడే దిద్దుతుంది. ఫ్లెక్సీ తీయించండి."

ఆయన మిగతా ఉపన్యాసం కోసం ఎదురుచూశారు. నేను గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

"అంతేనాండి?"

"అంతేనండి."

"ఒంట్లో బాగానే ఉందా మేడమ్?"

"బాగానే ఉందండి."

నా అరుపులకు అలవాటుపడ్డ మనిషి, నా మౌనానికి హడలిపోయినట్టున్నాడు. మధ్యాహ్నానికల్లా ఫ్లెక్సీ దిగింది. వాచ్‌మన్ దాన్ని తిరగేసి సైకిల్ షెడ్డు మీద కప్పాడు. వానపడితే ఆ కిందే నిలబడతాం. తలెత్తితే ఒంటె.

ఆ శనివారం పరీక్ష అయ్యాక ఇంటికి బయల్దేరేముందు క్యారేజీ విప్పాను. హిందీ టీచరు కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"లెక్కలావిడ శనివారం అసలేం చేస్తుందమ్మా? దీపాలటగా? నీకన్నీ తెలుసు, చెప్పు."

తెలుసు. పండగల పేర్లతో సహా తెలుసు. నాలుక చివర వరసకట్టి నిలబడి ఉన్నాయి.

"ఆవిడకి శనివారం సెలవు. మిగతాది ఆవిణ్ణే అడుగు, చెబితే విను," అని, గిన్నెలో అన్నిటికంటే పెద్ద రొయ్యను ఏరి మరీ నోట్లో పెట్టుకున్నాను.