మడ్‌గార్డు మీద రెండు దెబ్బలు

బంగార్రాజుకు చెవులు వినపడవని భిలాయిలో ఒక్క మనిషికే తెలుసు. అతని భార్య నూకరత్నానికి.

విజయనగరం దగ్గర ఉన్న రోజుల్లో, ముప్పయ్యో ఏట జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక రెండు చెవుల్లోంచీ చీము కారింది. చీము ఆగేసరికి వినికిడి పోయింది. 1958లో భిలాయి వచ్చి నరసింగరావు గ్యారేజీలో మెకానిక్కుగా చేరినప్పుడు ఆ మాట బయటపెట్టలేదు. చెవిటి మెకానిక్కును ఎవరూ పెట్టుకోరు. పని పోతే గ్యారేజీ వెనక ఇచ్చిన గది కూడా పోతుంది.

చెవుడును పొగరు కింద దాచాడు. వెనకనుంచి పిలిస్తే పలకడు. ఎదురుగా నిలబడి, నోరు కనిపించేలా మాట్లాడితేనే జవాబు.

"ఎదరకొచ్చి మాటాడు. నీ ఇంట్లో నౌకర్నేటి నాను?" అనేవాడు.

జనం అతన్ని అసహ్యించుకున్నారు. అనుమానించలేదు.

మలుపు తిప్పితే చప్పుడు చేసే బండి వచ్చిందంటే అతన్నే పిలిచేవారు. బండి కింద పడుకుని, మూరెడు ఇనుప చువ్వను ముందు పళ్ల మధ్య పట్టి, రెండో కొనను చక్రం దగ్గరి కీలుకు ఆనించేవాడు. పైన ఒకరు స్టీరింగును ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పాలి. శబ్దం చువ్వలోంచి పళ్లలోకి, పళ్లలోంచి తలలోకి వచ్చేది. గ్రీసు అందని పిన్ను గరగరమంటుంది. అరిగిన జాయింటు తిప్పిన మొదట్లోనే టక్కుమంటుంది. ఒక్కో కీలు దగ్గరా చువ్వ ఆనించి, ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడ విప్పించేవాడు. ఏడేళ్లలో ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

లోకంలో అతనికి వినిపించేవి ఆ చప్పుళ్లే. నూకరత్నం గొంతు ఎలా ఉండేదో మరిచిపోయాడు.

ఆ గ్యారేజీలో ఒక పద్ధతి ఉంది. కింద మనిషి ఉండగా బండి స్టార్టు చేయాలంటే, పైవాడు ముందుగా మడ్‌గార్డు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాలి. కిందవాడు బయటికి వచ్చేయాలి. ఆ పద్ధతి పెట్టింది బంగార్రాజే. దెబ్బల అదురు ఇనుములోంచి చువ్వకు, చువ్వలోంచి అతని పళ్లకు తెలిసేది. నోటితో చెబితే చాలదా అని అడిగిన సత్యారావును అందరి ముందూ కడిగేశాడు.

"నోటితో చెప్పడానికి పెళ్లి పిలుపేటిరా? కొట్టమంటే కొట్టు."

సత్యారావుది కూడా విజయనగరం వైపే, వేరే ఊరు. బంగార్రాజే తీసుకొచ్చి పనిలో పెట్టాడు. బావా అని పిలిచేవాడు. స్టీరింగు తిప్పడం అతని వంతు. ఏడేళ్లుగా తిప్పుతున్నాడు, తిట్లు తింటున్నాడు. 1965లో నరసింగరావు రిసాలిలో రెండో షెడ్డు తెరవాలనుకున్నాడు. సత్యారావు అక్కడ పెద్ద మెకానిక్కుగా వెళ్తానని అడిగాడు. బంగార్రాజు పగలబడి నవ్వాడు.

"ఈడా బాబూ? ఈడి సేతికి పానా ఇచ్చిన కంటే గేదికిస్తే నయం."

మర్నాడు బంగార్రాజు వెనక పానాల పెట్టె బోర్లాపడింది. పెద్ద చప్పుడు. అతను తల తిప్పలేదు. సత్యారావు చూశాడు. రెండడుగులు దగ్గరికి వెళ్లి, అతని వీపు వెనకే నిలబడి, అతని తల్లిని ఒక బూతు మాట తిట్టాడు. బంగార్రాజు నట్టు బిగించుకుంటూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం సత్యారావు నరసింగరావుతో చెప్పాడు. నరసింగరావు నమ్మలేదు.

"అయితే మీ కళ్లతో మీరే చూడండి బాబూ" అన్నాడు సత్యారావు.

మూడు రోజుల తర్వాత సెక్టర్ 4 నుంచి గణపతిరావు అనే ఇంజనీరు నల్లకారు తెచ్చాడు.

"ఎడమకి తిప్పితే ఒకటే గరగర. ఎద్దుబండి నయం" అన్నాడు.

బంగార్రాజు చువ్వ తీసుకుని కిందికి దూరాడు. కాళ్లు మాత్రం బయట ఉన్నాయి. సత్యారావు స్టీరింగు ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. తర్వాత ఆపాడు. నరసింగరావు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పనివాళ్లు కూడా చేరారు.

"బావా, సెల్ఫ్ కొడతన్నాను. బయటికొచ్చీ" అన్నాడు సత్యారావు.

కాళ్లు కదల్లేదు.

"బావా, బండి గేర్లో ఉంది. వచ్చీ."

కాళ్లు కదల్లేదు. దుకాలూ అనే ఛత్తీస్‌గఢీ పనివాడు వంగి ఆ కాలు తట్టబోయాడు. సత్యారావు వేలెత్తి ఆపాడు. దుకాలూ నరసింగరావు వైపు చూశాడు. నరసింగరావు కట్టుకున్న చేతులు విప్పలేదు. దుకాలూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మూడోసారి చెప్తన్నాను బావా."

సత్యారావు సెల్ఫ్ నొక్కాడు. గేరులో ఉన్న బండి అడుగు ముందుకు దూకి ఆగింది.

బంగార్రాజు పాక్కుంటూ బయటికి వచ్చాడు. అరచేతిలోకి ఉమ్మాడు. రెండు ముందు పళ్లు. మొదట పని సంగతే చెప్పాడు.

"కుడి పక్క, కింద పిన్ను. ఎండిపోనాది." తర్వాత సత్యారావు వైపు తిరిగాడు. "మడ్‌గార్డు కొట్టలేదేటిరా?"

సత్యారావు పెదవులు బాగా కదిలిస్తూ, నిదానంగా చెప్పాడు.

"మూడుసార్లు పిలిచాను బావా. అందరూ ఇన్నారు. నువ్వొక్కడివే ఇన్లేదు."

బంగార్రాజు ఒక్కొక్కరి మొహమే చూశాడు.

"ఉస్తాద్ బహరా హై!" అని ఎవరో నవ్వారు. చెవిటివాడన్న ఆ మాట అతనికి నోటి మీద కనిపించింది.

నోట్లో గుడ్డ కుక్కుకుని పని తనే చేశాడు. గ్రీసు వెళ్లే కన్నంలో మట్టి గట్టిపడి ఉంది. పిన్ను అరిగిపోయింది. కన్నాన్ని కిరసనాయిలుతో కడిగి, కొత్త పిన్ను వేసి, గ్రీసు కొట్టాడు. గణపతిరావు మైదానంలో ఎడమకు, కుడికి తిప్పి చూసి వచ్చాడు.

"చప్పుడు లేదు" అని నరసింగరావుతో అన్నాడు. "పనిమంతుడే. చెవిటివాడని చెప్పలేదేం?"

రిసాలి షెడ్డు సత్యారావుకు దక్కింది. బంగార్రాజును పూర్తిగా తీసేయలేదు. బళ్లు కడిగే పని ఇచ్చారు. గదిలో ఉండనిచ్చారు. మలుపులో చప్పుడు చేసే బండి రెండు షెడ్లలో ఎక్కడికి వచ్చినా కిందికి దూరాల్సింది అతనే. ఆ పని ఇంకెవరికీ రాదు.

"ఊరెల్లిపోదాం మావా" అంది నూకరత్నం, అతని ఎదురుగా కూర్చుని.

"అక్కడ కార్లేటున్నాయి?" అన్నాడు.

చువ్వను పక్క పళ్లతో పట్టడం నేర్చుకున్నాడు. రిసాలిలో అతను కింద ఉండగా సత్యారావు మడ్‌గార్డు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. బంగార్రాజు మోచేతులు గీరుకుంటూ బయటికి వచ్చేవాడు. బండి కదిలేది కాదు. స్టీరింగు దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. చుట్టూ తెరిచిన నోళ్లు, ఊగే భుజాలు. కొన్నాళ్లకు అందరూ కొట్టడం నేర్చుకున్నారు. దుకాలూ కూడా. పూటకు నాలుగైదుసార్లు.

ప్రతిసారీ బయటికి వచ్చేవాడు. ఏ దెబ్బ నిజమో కిందనుంచి తెలియదు.

వాళ్ల నోళ్లు మూతపడేదాకా చూసి, మళ్లీ కిందికి దూరి, చువ్వ కరుచుకుని, తను వదిలిన కీలు దగ్గరనుంచి వినడం మొదలుపెట్టేవాడు.