ఇసుక మీద తేనెపెట్టెలు

టన్నులాయన అసలు పేరు ఆయన భార్యకూ, లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకూ తప్ప ఎవరికీ గుర్తులేదు. జలుబు చేస్తే టన్ను జలుబు, ఆకలేస్తే టన్ను ఆకలి. ఆయనకి నాలుగు చక్రాలూ లాగే పాత ట్రక్కు ఒకటుండేది. రోడ్డు ఆగిపోయిన చోట ఆ బండి పని మొదలవుతుంది. వాగులు, రాళ్లు, బురద దానికి లెక్కలేదు. కొండ మీదికి ఏం తోలుతున్నావని ఎవరైనా అడిగితే చాలు, "మెషినరీ. మూడు టన్నులు" అని బానెట్ మీద చరిచేవాడు.

తోలేది మాత్రం తేనెటీగల్ని. కొండ మీద పూత వచ్చినప్పుడు వాటి పెట్టెల్ని పైకి చేర్చాలి, పూత రాలాక దింపాలి. పెట్టెలన్నీ కలిపినా టన్ను తూగవు. వాటి యజమానురాలిని అందరూ తేనెమేడం అనేవాళ్లు. మనిషి పొడుగు, కోపం పొట్టి. మొన్నటి ట్రిప్పులో బండి వెనక కుదుపు మింగే కమాను పట్టీ ఒకటి విరిగి, బండి ఒక పక్కకి ఒరిగి, ఒక పెట్టె మూత జారింది. ఈగలు ఆవిడ చెవినే వెతుక్కుంటూ వెళ్లి మరీ కుట్టాయి.

"కమాన్లు మార్పించు. వచ్చే ట్రిప్పులో నీ పక్కన నేనే కూర్చుంటా. ఒక్క మూత కదిలిందా, ఇంకో బండి చూసుకుంటా" అందావిడ, వాచిన చెవి పట్టుకుని.

టన్నులాయన సరేనన్నాడు. ఆ బండికి వేరే బేరం లేదు. ఆ మాట ఊళ్లో ఎవరికీ తెలియదు కూడా.

బండికి తగ్గట్టు కమాన్లు కొట్టిచ్చే మేస్త్రి ఆ చుట్టుపక్కల ఒక్కడే. ఆ ఒక్కడూ ఆయన భార్యకి సొంత అన్న. బావా బావమరుదులకి ఎప్పట్నుంచో ఉప్పూ నిప్పూ. పదిమందిలో ఈయన "మీ కమాన్లు కాగితాల బరువుకే వంగిపోతాయి" అంటే, ఆయన "నీ బండిలో కాగితాలు కూడా ఉండవుగా" అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి మాట్లాడిన పాపాన పోలేదు.

అందుకే కమాన్ల షెడ్డులో భార్య ఇద్దరి మధ్యా స్టూలేసుకుని కూర్చోవాల్సి వచ్చింది.

"చెల్లీ, మీ ఆయన్నడుగు. ఎంత బరువు మోస్తాడట?" అన్నాడు మేస్త్రి, కొలిమిలో ఇనుము తిప్పుతూ.

"వినబడిందిగా, చెప్పండి" అంది భార్య.

"మీ అన్నయ్యకి చెప్పు. మూడు టన్నులు."

"మూడు టన్నులట అన్నయ్యా." ఆ 'అట'లో ఉన్న చురక టన్నులాయన ఒక్కడికే తగిలింది.

"అలాగా. అయితే ఆ బరువేసుకునే బండి తెచ్చి నిలబెట్టమను. నోటిమాటకి నేను కమాను కొట్టను."

మేస్త్రి పద్ధతే అంత. రోజూ మోసే సరుకుతో బండిని వాకిట్లో నిలబెట్టాలి. ఆయన కింద దూరి, ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య సందుని జానతో కొలుస్తాడు. ఎన్ని పట్టీలు వెయ్యాలి, ఎంత వంపు తిప్పాలి అన్నది ఆ జానే తేలుస్తుంది.

ఇంకొకడైతే అక్కడే నాలుక కరుచుకునేవాడు. టన్నులాయన ఇళ్లు కట్టే స్నేహితుడి దగ్గరికి పోయి, మూడు టన్నుల ఇసుక బస్తాలు ఎక్కించి, పైన టార్పాలిన్ బిగించి తీసుకొచ్చాడు. ముసలి కమాన్లు మూలుగుతున్నాయి. టైర్లు బాడీని గీరుతున్నాయి. మేస్త్రి కింద దూరి కొలిచాడు. మెడ మీద ఏదో రాలితే తుడుచుకుని, అరచెయ్యి చూసుకుని, పైకి లేచి నవ్వాడు. ఆ నవ్వు చూసి టన్నులాయన సంతోషించాడు, పాపం.

కొత్త కమాన్లు నిగనిగలాడుతూ వచ్చాయి. ఇసుక దించేసరికి బండి వీపు పైకెత్తిన పిల్లిలా నిలబడింది. ఇంటికొచ్చే దారిలో ప్రతి గుంటకీ భార్య నెత్తి టాపుకి తగిలింది.

"ఏమండీ, మీ మూడు టన్నులూ ఇప్పుడు నా నెత్తి మీద పడుతున్నాయి. పోయి నిజం చెప్పండి."

"చచ్చినా చెప్పను. మీ అన్న నేను పోయేదాకా ఈగలు తోలుకునేవాడంటాడు."

"మీరు చేసేదదేగా?"

ఆయన పళ్లు నూరాడు. బండి ఎగరకుండా ఉండాలని ఇసుక మళ్లీ ఎక్కించాడు. దాని మీద పెట్టెలు పెట్టి కట్టాడు.

తేనెమేడం పక్కన కూర్చుంది. బండి ఉయ్యాలలా సాగింది. "పర్వాలేదే" అందావిడ. ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు. టన్నులాయన మీసం దువ్వబోతుండగా బండి వాగులో దిగి, ఇరుసుల దాకా కూరుకుపోయింది.

ఆవిడ దిగి టార్పాలిన్ ఎత్తింది.

"ఇదేంటి?"

"ఇసుక మేడం."

"వాగులో ఇసుక ఉండదనా, ఇంటి నుంచి తెచ్చావు?"

తల కొట్టేసినట్టయింది. బస్తాలు విప్పి వాగులోనే పోశాడు. ఇసుక పోగానే బండి వాగులోంచి లేచింది గానీ మళ్లీ మేకపిల్లయింది. నడిచే మనిషి కన్నా నెమ్మదిగా కొండెక్కించాడు. పెట్టెల్లో ఈగలు బుసలు కొడుతున్నాయి. మూతలు కదల్లేదు.

"మూత కదల్లేదు కాబట్టి మాట మీద నిలబడతా. రేపు రెండో విడత పెట్టెలున్నాయి. మళ్లీ ఈ గంతులే అయితే నా గుమ్మం తొక్కకు" అంది తేనెమేడం.

మర్నాడు పొద్దున్నే టన్నులాయన షెడ్డుకెళ్లాడు. భార్య వెనకే వచ్చింది, తమాషా చూడ్డానికి.

"బావగారూ" అన్నాడాయన సూటిగా. సమ్మెట గాల్లో ఆగింది. "పట్టీలు తగ్గించాలి."

"మూడు టన్నులకా?"

"మూడు కాదు."

"రెండున్నరా?"

"తేనెటీగలు. పెట్టెలతో కలిపి టన్ను లోపే."

మేస్త్రి ఇనుము కొట్టే దాగలి పట్టుకుని పడీ పడీ నవ్వాడు. "అంటే ఇన్నాళ్లూ ఈగలు తోలుకుంటున్నావన్నమాట!" ఎన్నాళ్లుగానో భయపడ్డ మాట అది. భయపడ్డంతా మండింది. మేస్త్రి అక్కడితో ఆగితే బాగుండేది. "ఇసుక నా మెడ మీద రాలినప్పుడే అనుకున్నా!" అనేశాడు.

భార్య స్టూలు మీంచి లేచింది. "ఏమన్నావు?"

మేస్త్రి నవ్వు మింగాడు.

"తెలిసే కొట్టావా అన్నయ్యా? ఇదిగో, నెత్తి మీద ఈ బొప్పి చూడు!"

"అడిగిందే చేశాను."

"నోటిమాటకి కమాను కొట్టనన్నావు. పంతానికైతే కొడతావా? నీ పేరు చెప్పుకుని తిరుగుతుంది ఆ బండి, సిగ్గులేదూ?"

చెవులు ఎర్రబడ్డాయి మేస్త్రికి. "సాయంత్రం అసలు సరుకుతో తెమ్మను మీ ఆయన్ని" అన్నాడు, మళ్లీ చెల్లెలి మీదుగా.

సాయంత్రం పెట్టెలతో బండి వాకిట్లో నిలబడింది. ముందు సీట్లో తేనెమేడం. మేస్త్రి కింద దూరాడు. జాన ఇంకా పూర్తిగా పరవలేదు, ఒక పెట్టెకి గాలి కోసం బిగించిన జాలీ మూల ఊడి ఈగ ఒకటి బయటికొచ్చింది. నేరుగా ఆయన ముక్కు మీద దిగింది.

కింద నుంచి వచ్చిన తిట్లు ఆ షెడ్డుకే కొత్త. టన్నులాయన ఆ కాసేపూ చెవులారా విన్నాడు. అయితే జాలీ దగ్గర ఇంకో నాలుగు తలలు కనబడ్డాయి. అవన్నీ బయటపడితే బేరం కూడా వాటితోనే ఎగిరిపోతుంది. గభాల్న అరచెయ్యి అడ్డం పెట్టాడు. కుట్టాయి. చెయ్యి తియ్యలేదు. కింద మేస్త్రి కూడా జాన తియ్యలేదు.

"త్వరగా కానివ్వమను మీ అన్నయ్యని!"

"ముక్కుతో కొలవడం లేదు, చేత్తో కొలుస్తున్నానని చెప్పు!"

"నా ఈగల్ని చంపారంటే ఇద్దర్నీ వదలను!" అని అరిచింది తేనెమేడం. జాలీని తనే బిగించింది.

పెట్టెలు దించి, రెండు పక్కలా పట్టీలు తీసి, మిగిలిన వాటి వంపు సరిచేసి, మళ్లీ ఎక్కించేసరికి దీపాలు వెలిగాయి. మేస్త్రి ముక్కు వంకాయంత అయింది. టన్నులాయన చెయ్యి పిడికిలి పడటం లేదు.

"చెల్లీ, తీసిన పట్టీలు ఇక్కడే ఉంటాయని చెప్పు. మూడు టన్నులు దొరికిన రోజు వచ్చి తీసుకెళ్లమను."

"అప్పటిదాకా వాటి మీద కూర్చుని ఈగలు తోలుకోమని చెప్పు మీ అన్నయ్యకి. కావాలంటే ఈగల్ని నేనే పంపుతా."

"మీరిద్దరూ చస్తే నాకు గొంతు నొప్పి తగ్గుతుంది" అంది ఆ ఇల్లాలు.

బండి కదిలింది. షెడ్డు బయటే పెద్ద గుంట. తేనెమేడం ముందుజాగ్రత్తగా చెయ్యి టాపుకి ఆనించింది. బండి మెత్తగా దిగి, మెత్తగా లేచింది. ఆవిడ చెయ్యి దించింది.

"వచ్చే పూతకి కూడా నువ్వే రా" అంది, తిట్టినట్టే.

అద్దంలో మేస్త్రి కనబడ్డాడు. ముక్కు పట్టుకుని, గుంట దాటిన తన కమాన్ల వంకే చూస్తున్నాడు. టన్నులాయన వాచిన చేత్తోనే హారన్ గట్టిగా నొక్కాడు. మర్యాద కోసం మాత్రం కాదు.